మూడు మూరల పడవ, మూరెడు రాజు

ఒక రాజుకి పడవ కావలసివచ్చింది. ఉన్నవి చాలక కాదు. బతికుండగా తిరగడానికి ఆయనకి ఇరవై పడవలున్నాయి. చచ్చిపోయాక తిరగడానికి మాత్రం ఒక్కటీ లేదు.

అది నైలు నది పారే దేశం. ప్రాణం పోయినంత మాత్రాన పని అయిపోదని అక్కడివాళ్ళ నమ్మకం. పడమటి దిక్కున ఇంకో నది ఉంటుంది. దాని అవతల బార్లీ పొలాలుంటాయి. అక్కడ ఎండ మాడ్చదు, దోమ కుట్టదు, రాజభటులు తలుపు కొట్టరు. ఆ నది దాటాలంటే ఎవరి పడవ వాళ్ళే తెచ్చుకోవాలి.

నిజం ఓడని సమాధిలో పెట్టడం అయ్యే పని కాదు. అందుకని చెక్కతో చిన్న నమూనా చేసి పెడతారు. పూజారి దాని చెవిలో మంత్రం ఊదుతాడు. పడవకి చెవి ఎక్కడుంటుందో ఆయనకే తెలియాలి. చచ్చినవాడు అక్కడ కళ్ళు తెరిచేసరికి నమూనా కాస్తా నిజం ఓడై నీళ్ళమీద ఊగుతూ ఉంటుంది. నమూనాలో ఏది ఉంటే ఓడలో అది ఉంటుంది, ఏది లేకపోతే అది ఉండదు. అందులో పెట్టిన బొమ్మ వీపున ఎవరి పేరు రాస్తే, వాడు చచ్చిపోయాక ఆ బొమ్మ ఎలా ఉంటే అలాగే అయి వెళ్ళి దాని పని చెయ్యాలి. తప్పించుకునే దారి లేదు.

ఆ ఊళ్ళో ఒక వడ్రంగి ఉన్నాడు. పడవ నమూనాలు చెయ్యడంలో అతన్ని మించినవాడు లేడని అందరూ అనేవారు. అతను కూడా అనుకునేవాడు. మేకు వాడడు. పలకల అంచున బెజ్జాలు వేసి, సన్నటి గడ్డి తాడుతో బట్ట కుట్టినట్టు కుడతాడు. నిజం ఓడల్ని కూడా అక్కడ అలాగే కుట్టేవారు.

అతనికి రెండు పట్టింపులున్నాయి. మొదటిది కొలత. ఓడలో మూరకి నమూనాలో ఒక వేలి వెడల్పు. మూరకి ఇరవై నాలుగు వేళ్ళు కాబట్టి డెబ్భై రెండు మూరల ఓడ మూడు మూరల నమూనా అవుతుంది. నాలుగు మూరల మనిషి నాలుగు వేళ్ళ బొమ్మ, అంటే బెత్తెడు అవుతాడు. రెండోది తొట్టి. చేసిన ప్రతి పడవనీ పెరట్లో పెళ్ళాం బార్లీ నానబోసే రాతి తొట్టిలో వదిలి చూస్తాడు. తేలితే ఇస్తాడు, మునిగితే పొయ్యిలో పెడతాడు. సమాధిలో పెట్టే బొమ్మ తేలితేనేం, మునిగితేనేం అని ఎవరైనా అడిగితే, "రేపు అక్కడ మునిగాక తిట్టడానికి నేను మీకు దొరకను గదా, అందుకని ఇక్కడే చూసుకుంటున్నా" అనేవాడు.

రాజు అతన్ని పిలిపించాడు.

"మా పెద్ద ఓడని ఉన్నదున్నట్టు చెయ్యి. ఒక్క ముడి తేడా రాకూడదు," అన్నాడు రాజు.

"చిత్తం ప్రభూ."

"చుక్కాని దగ్గర నీ బొమ్మ పెట్టు. వీపున నీ పేరు రాయి. నీ అంత పడవ తెలిసినవాడు మాకు అక్కడ దొరకడు."

సభంతా ఆహా అంది. అంతటి గౌరవం అంతకు ముందు ఏ వడ్రంగికీ దక్కలేదని మంత్రి కళ్ళొత్తుకున్నాడు. వడ్రంగి మాత్రం ఎవరైనా అడ్డుపడతారేమోనని చుట్టూ చూశాడు.

ఎందుకంటే అతని ఇంట్లో, గూట్లో, జానెడు రెల్లు పడవ ఒకటి ఉంది. పెళ్ళైన ఏడాది చేశాడు. అందులో రెండే బొమ్మలు. ఒకటి తెడ్డు వేస్తున్న అతను, రెండోది ఒళ్ళో బుట్ట పెట్టుకుని కూర్చున్న అతని పెళ్ళాం. ముందు పోయినవాళ్ళు గట్టున ఆగాలి, రెండోవాళ్ళు వచ్చాక కలిసి దాటాలి. అది వాళ్ళిద్దరి ఒప్పందం.

ఇంటికొచ్చేసరికి ఆవిడ జావ కలుపుతోంది. పెద్ద చెక్క గరిటె, పెద్ద గొంతు, ఆ వీధిలో రెండూ పేరున్నవే.

"ఏవన్నాడయ్యా?" అంది.

"చుక్కాని నన్ను పట్టమన్నాడు."

"ఎన్నాళ్ళు?"

"చచ్చినన్నాళ్ళూ."

ఆవిడ గరిటె ఆగిపోయింది. గూటివైపు చూసింది.

"నాకు తెడ్డు వెయ్యడం రాదు," అంది. పోట్లాటకి దిగినట్టే మొదలుపెట్టింది గానీ చివరికొచ్చేసరికి ఆ పెద్ద గొంతు చిన్నదైపోయింది. "ముందే చెప్తున్నా. ఈ వయసులో నేర్చుకోమంటే నావల్ల కాదు."

ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆవిడ నావల్ల కాదు అన్న మాట అతను మొదటిసారి విన్నాడు. చావంటే అతనికెప్పుడూ పెద్ద భయం లేదు. ఆ పూట భయం వేసింది. ఆవిడ ఆ గట్టున బుట్ట పట్టుకుని కూర్చుని ఉండగా, తను ఎదురుగానే ఇంకొకరి ఓడ తోలుకుంటూ పోతున్నట్టు కనిపించింది.

కానీ రాజు చెప్పాక చెయ్యక తప్పదు. చేశాడు. తుమ్మ చెక్కతో పలకలు కోశాడు. ముందు కొమ్ముకి రెండు పక్కలా కళ్ళు గీశాడు. మధ్యలో గది, దాని ముందు తెరచాప కొయ్య, వెనక వరసగా రొట్టెల బుట్టలు, కల్లు కుండలు. తెడ్లు వేసే బొమ్మలు పదహారు. వాటి వీపుల మీద రాజుగారి నిజం పడవవాళ్ళు పదహారు మంది పేర్లు. చుక్కాని దగ్గర తన బొమ్మ. దానికి ముక్కూ మొహం చెక్కుతుంటే చెయ్యి సాగలేదు. గది ముందు, నీడలో, నల్ల చేవకర్రతో చెక్కిన రాజు.

పని పూర్తయ్యాక రాజు, మంత్రి, పూజారి పెరట్లోకి వచ్చారు. వడ్రంగి నమూనాని తొట్టిలో వదిలాడు. అది అటూ ఇటూ రెండుసార్లు ఊగి, బాతులా స్థిరపడింది.

"బాగుంది," అన్నాడు రాజు. "మేమెక్కడ?"

"అదుగో ప్రభూ, గది ముందు."

రాజు వంగి చూడలేదు. ఆయన దేనికీ వంగడు. వంగాల్సినవన్నీ వంగడానికి మంత్రి ఉన్నాడు. మంత్రి వంగి చూసి, "ఉన్నారు ప్రభూ, క్షేమంగానే ఉన్నారు," అన్నాడు. రాజు కళ్ళు చిట్లించాడు.

"ఆ బెత్తెడువాడా? మేమా?"

"తమరే ప్రభూ."

"మరి ఆ పక్కవాడెవడు?"

"తెడ్డు వేసేవాడు."

"ఇద్దరూ ఒకే ఎత్తున్నారేం?"

"ఇద్దరూ మనుషులే గదా ప్రభూ," అన్నాడు వడ్రంగి. కొలత గురించి చెప్పబోయి అలా అనేశాడు. అన్నాక గానీ తనేమన్నాడో తనకి తెలిసిరాలేదు.

పూజారి గొంతు సవరించుకున్నాడు. "గుడి గోడల మీద ఏలినవారు సేవకుల కంటే ఆరింతలుంటారు. పసిపిల్లలకైనా తెలుసు ఆ సంగతి," అన్నాడు.

నిజమే. ఆ దేశంలో ఏ గోడ చూసినా అంతే. రాజు తాటిచెట్టంత ఉంటాడు, ఆయన మోకాలి దగ్గర సేవకులు ఎలకల్లా మూగి ఉంటారు. పుట్టినప్పటినించీ ఆ గోడల్ని చూసి చూసి వాళ్ళకది అలవాటైపోయింది. ఎదురుగా నిలబడ్డ రాజు మంత్రి చెవి దాకా కూడా రాడు. అయినా కళ్ళకి కనిపించేది పొరపాటనీ, గోడ మీద ఉన్నదే అసలు కొలతనీ మంత్రితో సహా అందరూ మనసారా నమ్మేవారు.

"ఆరింతలు చెయ్యి," అన్నాడు రాజు.

బెత్తెడుకి ఆరింతలంటే మూరెడు. వడ్రంగి వేళ్ళ మీద లెక్కవేసుకున్నాడు.

"గోడకైతే తేలాల్సిన పని లేదు ప్రభూ. ఇది పడవ. బరువెక్కుతుంది."

"పడవని కూడా పెంచు."

"సమాధిలో గూడు తొలిచేశారు ప్రభూ. రాతి గూడు. ఇంతకంటే వేలెడు పెరిగినా పట్టదు. పోనీ బొమ్మని లోపల బోలుగా చెయ్యనా?"

"మా లోపల బోలా!" అన్నాడు రాజు.

"కూర్చున్నట్టు చేస్తే..."

"మేము నిలబడే ఉంటాం. మోకాళ్ళు కూడా వంగకూడదు. మేమెవరికీ మోకాలు వంచం."

వడ్రంగి మళ్ళీ చెక్కాడు. మూరెడు రాజు, గట్టి చేవకర్ర, కర్రలా బిగుసుకున్న కాళ్ళు, నెత్తిన కిరీటం, కిరీటం మీద నాలుగు వేళ్ళ కుచ్చు. వారం తర్వాత అందరూ మళ్ళీ పెరట్లో చేరారు. రాజుని పడవలో నిలబెట్టగానే అది బుడుంగుమంది. రాజు తొట్టి అడుగున వెల్లకిలా పడి ఆకాశం చూస్తున్నాడు. తెడ్లవాళ్ళు పదహారు మందీ పైకి తేలి హాయిగా తిరుగుతున్నారు.

"నీళ్ళలో దోషం ఉంది," అన్నాడు పూజారి. "బార్లీ నానిన నీళ్ళు."

నదికి మనుషుల్ని పంపి మంచి నీళ్ళు తెప్పించారు. మంచి నీళ్ళలో కూడా మునిగింది.

"కుండలు తీసెయ్యండి," అన్నాడు రాజు. "అక్కడ కల్లు దొరక్కపోతుందా!"

కుండలు తీశారు. రొట్టెల బుట్టలు తీశారు. మునిగింది. గది తీశారు, మునిగింది. తెరచాపా, దాని కొయ్యా తీసి, కొయ్య దిగిన గుంటలోనే రాజుగారి కాళ్ళు దిగ్గొట్టారు. ఈసారి పడవ తిన్నగా నిలబడింది గానీ, తిన్నగానే మునిగింది.

అప్పుడు తెడ్లవాళ్ళ వంతు వచ్చింది. ఇద్దరిద్దర్ని తీస్తూ పోయారు. ఆ పేర్లుగల అసలు మనుషులు పదహారు మందీ గోడ అవతల మునివేళ్ళ మీద నిలబడి చూస్తున్నారు. తన బొమ్మ బయటికొచ్చిన ప్రతివాడూ దాన్ని గుండెలకి హత్తుకుని ఇంటివైపు పరిగెత్తాడు. ఒకడు తన బొమ్మని ఆ రోజే నూనె కుండకి బిరడాగా పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

పదహారో బొమ్మ కూడా వచ్చేసింది. ఇప్పుడు పడవలో ఇద్దరే ఉన్నారు, మూరెడు రాజు, బెత్తెడు వడ్రంగి. నీళ్ళు పడవ అంచుని ముద్దుపెట్టుకుంటూ, బార్లీ గింజ ఎత్తున లోపలికి జారుతున్నాయి.

"ఇంకెంత తియ్యాలి?" అన్నాడు రాజు.

"కొంచెమే ప్రభూ. కిరీటం మీద కుచ్చు తీసేసినా చాలు." వడ్రంగి ఆగాడు. ఆ తర్వాతి మాట పడవ వైపే చూస్తూ అన్నాడు. "లేకపోతే నా బొమ్మ. రెండూ ఒకటే బరువు."

రాజు ఆలోచనలో పడ్డాడు. నుంచున్నవాడు నుంచున్నట్టే, పొద్దు నడినెత్తికొచ్చేదాకా ఆలోచించాడు. దొడ్డి గుమ్మంలో పెళ్ళాం గరిటె పట్టుకుని నిలబడి ఉంది. వడ్రంగి నోరు మూసుకుని ఉంటే చాలు, పని అయిపోయేలా ఉంది.

కానీ ముప్ఫై ఏళ్ళుగా ఒక్క చెడ్డ పడవ చెయ్యని చేతులు ఆ పడవ అంచు మీదే ఉన్నాయి. అతనికి తన మీద తనకే ఒళ్ళు మండింది. అయినా చెప్పేశాడు.

"ప్రభూ, తప్పైతే క్షమించండి. తెడ్డు వేసేవాడు లేడు, తెరచాప లేదు. చుక్కాని పట్టేవాడు కూడా లేకపోతే ఇది ఎటూ పోదు. కుచ్చు తీయించండి. చుక్కాని నేను పడతాను."

గుమ్మంలో ఆవిడ నెత్తి కొట్టుకుంది.

"పడవని నడిపేది ఎవరు?" అన్నాడు రాజు.

"తెడ్డు, చుక్కాని, ప్రభూ."

"కాదు. నది," అన్నాడు రాజు. "నదిని నడిపేది మేము."

అదీ ఆ దేశపు నమ్మకమే. ఏటా వేసవి చివర రాజు ఒక ఆజ్ఞాపత్రం రాయించి, ముద్ర వేయించి నైలు నదిలో విసిరేవాడు: పొంగు అని. ఇరవై రోజుల్లో నది పొంగేది. పత్రం వెయ్యకపోతే పొంగదా అన్న అనుమానం ఎవరికైనా వచ్చిందేమో తెలియదు. పత్రం వెయ్యకుండా ఆగి చూసే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది.

"కుచ్చు ఉండాలి," అన్నాడు రాజు. "వీణ్ణి తీసెయ్యండి."

మంత్రి ఆహా అన్నాడు. వడ్రంగి తన బొమ్మని తీసుకున్నాడు. చుక్కాని కొయ్యలు కూడా ఇక దేనికని ఊడదీశాడు. పడవ తేలింది. అందులో రాజు తప్ప ఇంకేమీ లేదు.

"ఇప్పుడు ఉన్నదున్నట్టు ఉంది," అన్నాడు రాజు.

అందరూ అటు తిరిగాక ఆవిడ గబగబా వచ్చి, చేతిలోని జావ గరిటెని పడవలో రాజు కాళ్ళ దగ్గర పడేసింది. చుక్కాని కొయ్యలు పోవడంతో ఆ మాత్రం బరువుకి చోటుంది.

"ఏంటే ఇది?" అన్నాడు వడ్రంగి గుసగుసగా.

"తెడ్డనుకో. మూరెడు మనిషికి మూరెడు గరిటె సరిపోద్ది. ఎంత పనికిమాలినోడైతే మాత్రం ఉత్తచేతులతో పంపుతామా?"

పూజారి దాన్ని చూశాడు గానీ, గరిటె ఎందుకుందో తనకి తెలియదని ఒప్పుకోవడం ఇష్టంలేక మంత్రం ఊదేశాడు.

తర్వాత అందరూ వరసగా చచ్చిపోయారు. ముందు రాజు. చాలాకాలానికి ఆవిడ. ఆవిడ పోయిన మూడేళ్ళకి వడ్రంగి.

అతను కళ్ళు తెరిచేసరికి పడమటి నది గట్టున రెల్లు పడవ కట్టేసి ఉంది. అందులో ఆవిడ ఒళ్ళో బుట్ట పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఇంత ఆలస్యమా?" అంది. "జావ ఎవరు కాచిపెట్టారు నీకు?"

అతనికి ఏడుపొచ్చింది. ఏడ్చాడు కూడా. ఆ తర్వాత తెడ్డు అందుకున్నాడు.

నది మధ్యకొచ్చేసరికి పడవ మీద చల్లగా పెద్ద నీడ పడింది. తలెత్తి చూశారు. మేడంత ఎత్తున, ఇరవై నాలుగు మూరల రాజు, బిగుసుకున్న కాళ్ళ మీద నిలబడి ఉన్నాడు. కాళ్ళ కింద ఓడ సుడిలో చిక్కి ఉన్నచోటే మెల్లగా గుండ్రంగా తిరుగుతోంది. కుచ్చు గాలికి ఊగుతోంది.

"ఎవరక్కడ?" అంది పైనించి గొంతు.

"వడ్రంగిని ప్రభూ."

"నదికి ఆజ్ఞ ఇచ్చాం. ఇంకా అమలు కాలేదు."

వడ్రంగి నది వైపు చూశాడు. ఆవిడ ఓడ వైపు చూసింది.

"అయ్యా! మీ కాళ్ళ దగ్గర గరిటె ఉంది చూడండి!" అని అరిచింది. "వంగి తీసుకుని నాలుగుసార్లు తెడ్డులా వేస్తే గట్టెక్కేస్తారు!"

రాజు కిందికి చూశాడు. గరిటె కనిపించింది. చాలాసేపు దాన్నే చూశాడు. వంగలేదు. వంగాలని ఉన్నా వంగేలా చెక్కలేదు.

"మమ్మల్ని మీ పడవలో ఎక్కించుకోండి," అన్నాడు చివరికి. అది ఆజ్ఞలా లేదు. అడిగినట్టే ఉంది.

వడ్రంగి రాజు మోకాళ్ళ వైపు చూశాడు. తన చేత్తో చెక్కిన మోకాళ్ళు అవి. తెడ్డు ఆపి, రెల్లు పడవ అంచుని తడిమి చూశాడు. అబద్ధం చెప్పడం అతనికి అక్కడ కూడా చేతకాలేదు.

"మనిషంత మనిషికైతే ఇంకో చోటుంది ప్రభూ."

ఆవిడ ఒళ్ళో బుట్టని ఇంకాస్త దగ్గరికి లాక్కుని, కొంచెం పక్కకి జరిగి కూర్చుంది. పక్కన ఒక మనిషి కూర్చునేంత చోటు ఖాళీగా ఉంది.

"మనిషంతా?" అన్నాడు రాజు. ఆ కొలత ఎప్పుడూ విననివాడిలా అన్నాడు. ఆలోచిస్తున్నాడు కాబోలని వాళ్ళు ఆగారు. ఆగినంతసేపు ఆగారు. రెల్లు పడవకి అంత మర్యాద తెలియదు, అది ప్రవాహంలో మెల్లగా జారిపోయింది.

అవతలి గట్టు దగ్గరపడింది. బార్లీ వాసన వస్తోంది. వడ్రంగి వెనక్కి తిరిగి చూశాడు. దూరాన రాజు మూరెడున్నాడు. ఇంకాసేపటికి జానెడయ్యాడు. అతను అలవాటు కొద్దీ చెయ్యి బారచాపి, ఒక కన్ను మూసి, నాలుగు వేళ్ళు అడ్డంగా పెట్టి చూశాడు.

"ఏంటి కొలుస్తున్నావు?" అంది ఆవిడ.

"బెత్తెడు," అన్నాడు. "సరిగ్గా బెత్తెడు."

ఆవిడ తన పక్కన ఖాళీగా ఉన్న చోటు చూసింది, దూరంగా తిరుగుతున్న ఓడని చూసింది.

"ఇప్పుడు పిలువయ్యా," అంది. "ఇప్పుడైతే ఇందులో సరిపోతాడు."

వడ్రంగి లేచి నిలబడి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా పిలిచాడు. కానీ అప్పటికే వాళ్ళు చాలా దూరం వచ్చేశారు.